ఎస్‌ఎస్‌డీ ఇప్పుడే కొనాలా, తర్వాతి తరం వచ్చేదాకా ఆగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ దగ్గర రైజెన్ 5 5600 ప్రాసెసరు, బీ550 మదర్‌బోర్డు, 500 జీబీ సాటా (కేబులుతో కలిసే పాత రకం) ఎస్‌ఎస్‌డీ, దానికి తోడు పాత 2 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నారు. ఎస్‌ఎస్‌డీలో ఎప్పుడు చూసినా 30 జీబీకి మించి ఖాళీ ఉండటం లేదు. 2 టీబీ జెన్ 4 ఎన్‌వీఎంఈ (మదర్‌బోర్డులోనే గుచ్చే వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ; జెన్ అంటే దాన్ని కలిపే పీసీఐఈ దారి తరం) ఇప్పుడే తీసుకోవాలా, జెన్ 5 ధరలు దిగేదాకా ఆగాలా, జెన్ 6 కూడా వస్తోందంటున్నారు కాబట్టి ఏకంగా దానికే వెళ్లాలా అన్నది మీ సందేహం.

ఇప్పుడే కొనండి. జెన్ 4, 2 టీబీ, టీఎల్‌సీ రకం (ఇదేమిటో కింద చెబుతాను) తీసుకోండి. జెన్ 5 ఎస్‌ఎస్‌డీ కార్డు మీ బోర్డులో పూర్తి వేగంతో పనిచేయదు. పనిచేసినా మీ ఎడిటింగ్‌లో ఆ తేడా మీకు కనిపించదు. జెన్ 6 ప్రస్తుతానికి డేటా సెంటర్ల సరుకు. నేను చాలాకాలంగా సికింద్రాబాదులో కంప్యూటర్లు అసెంబుల్ చేసి ఇస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫొటో స్టూడియోలవాళ్లు, ఎడిటర్లు, చిన్న ఆఫీసులవాళ్లు. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వారం వారం వింటూనే ఉంటాను కాబట్టి, కారణాలను కొంచెం వివరంగానే చెబుతాను.

మొదట మీ బోర్డు సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఎస్‌ఎస్‌డీ మీద రాసి ఉన్న అంకె చూస్తారు గాని, అది వెళ్లి కూర్చునే స్లాటును చూడరు. బీ550 బోర్డులో ప్రాసెసరుకు దగ్గరగా ఉండే ఎం.2 స్లాటు (ఎన్‌వీఎంఈ కార్డు గుచ్చే చోటు) నేరుగా ప్రాసెసరుకే కలుస్తుంది, అది జెన్ 4 వేగం ఇస్తుంది. కింద ఉండే రెండో ఎం.2 స్లాటు చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్పు) ద్వారా నడుస్తుంది, అది జెన్ 3 మాత్రమే. పైగా చాలా బోర్డుల్లో ఆ రెండో స్లాటు వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. కొత్త కార్డు పెట్టగానే పాత హార్డ్ డిస్క్ కనిపించడం లేదని కంగారుగా ఫోన్ చేసేవాళ్లలో సగం మందికి కారణం ఇదే. బోర్డు మాన్యువల్‌లో ఏ పోర్టు ఆగిపోతుందో స్పష్టంగా రాసి ఉంటుంది. కేబులు పక్క పోర్టులోకి మారిస్తే సరిపోతుంది.

ఇంకొక మెలిక ఉంది. మీరు 5600 అని రాశారు, కాని బిల్లు ఒకసారి తీసి చూడండి. 5600 అయితే జెన్ 4 వస్తుంది. అదే 5600జీ గాని 5500 గాని అయితే, అదే బోర్డులో అదే స్లాటు జెన్ 3కి పడిపోతుంది, ఎందుకంటే ఆ రెండు ప్రాసెసర్లలో ఉన్నది పీసీఐఈ 3.0 మాత్రమే. అప్పటికీ జెన్ 4 కార్డు కొనడంలో నష్టమేమీ లేదు. అది సెకనుకు 7,000 ఎంబీ బదులు 3,500 ఎంబీ దగ్గర ఆగుతుంది, రేపు కొత్త బోర్డుకు మారినప్పుడు పూర్తి వేగం అందుకుంటుంది. పై తరం కార్డులు కింది తరం స్లాటులో నిక్షేపంగా పనిచేస్తాయి, వేగం మాత్రం స్లాటుకు తగ్గట్టు తగ్గుతుంది.

ఇప్పుడు జెన్ 5 విషయానికి వస్తే, మీరు ఆగవలసింది ఒక్క ఎస్‌ఎస్‌డీ కోసమే కాదు. ఏఎం5 (ఏఎండీ కొత్త తరం సాకెట్) బోర్డు, దానికి కొత్త ప్రాసెసరు, డీడీఆర్5 ర్యామ్, ఈ మూడూ కొంటే తప్ప జెన్ 5 స్లాటు మీ చేతికి రాదు. ఆ ర్యామ్ ధరలు 2025 చివరి నెలల నుంచి ఎలా పెరిగాయో మీరూ చూస్తూనే ఉండి ఉంటారు. ఇంటెల్ వైపు వెళ్దామనుకుంటే అక్కడ ఇంకో చిక్కు ఉంది: 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో జెన్ 5 దారులు (డేటా వెళ్లే లేన్లు) ఉన్నది గ్రాఫిక్స్ కార్డు స్లాటుకే, ఎస్‌ఎస్‌డీకి విడిగా కేటాయించినవి జెన్ 4 దారులు. ఆ బోర్డుల్లో కొన్నింటికి జెన్ 5 ఎం.2 స్లాటు ఉన్న మాట నిజమే, కాని దాన్ని వాడితే గ్రాఫిక్స్ కార్డుకు అందవలసిన పదహారు దారుల్లో సగం తగ్గిపోతాయి. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ వరుసతోనే ఎస్‌ఎస్‌డీకి ప్రత్యేకంగా జెన్ 5 దారులు వచ్చాయి. కాబట్టి బాక్సు మీద జెన్ 5 అని ఉంది కదా అని బోర్డు కొనేవాళ్లు ఏ స్లాటుకు జెన్ 5 అన్నది కూడా చదివి కొనాలి.

సరే, డబ్బుకు లోటు లేదు, మొత్తం మార్చేస్తాం అనుకుందాం. తేడా ఎంత కనిపిస్తుంది? ఇక్కడ రెండు రకాల వేగాలను విడదీసి చూడాలి. ప్రకటనల్లో ఇచ్చేది వరుస వేగం, అంటే ఒకే పెద్ద ఫైలును ఆగకుండా చదివే వేగం. హార్డ్ డిస్క్ సెకనుకు 150 నుంచి 250 ఎంబీ, సాటా ఎస్‌ఎస్‌డీ సుమారు 550, జెన్ 3 కార్డు 3,500, జెన్ 4 కార్డు 7,000, జెన్ 5 కార్డు 14,000. కాగితం మీద ప్రతి తరానికీ వేగం రెట్టింపవుతోంది. కాని విండోస్ ఆన్ అవడం, సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం, ఫోల్డర్లోని వందల చిన్న ఫైళ్లు కనిపించడం వంటి పనుల్లో కంప్యూటరు చేసేది ఇక్కడొక ముక్క, అక్కడొక ముక్క అందుకోవడం. ఆ ముక్కముక్కల వేగం ఫ్లాష్ చిప్పు స్పందించే సమయం మీద ఆధారపడుతుంది, స్లాటు తరం మీద కాదు. మంచి జెన్ 4 కార్డు 4 కేబీ ముక్కలను ఒకటి తర్వాత ఒకటిగా చదివేటప్పుడు సెకనుకు 80 ఎంబీ చుట్టుపక్కల ఇస్తుంది, జెన్ 5 కార్డు కాస్త అటూ ఇటూగా అంతే ఇస్తుంది. వీధిలో పైపు ఎంత వెడల్పు చేసినా ఇంట్లో కుళాయి పాతదే అయితే బిందె నిండే సమయం మారనట్టే ఇదీ.

హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు మనకు కలిగిన ఆశ్చర్యం మళ్లీ కలగకపోవడానికి కారణం అదే. హార్డ్ డిస్క్‌లో తల ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగి, తిరుగుతున్న పళ్లెం మీద కావలసిన భాగం కిందికి వచ్చేదాకా ఎదురుచూడాలి. దానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ ఆ పనిని అందులో వందో వంతు సమయంలో ముగించింది. ఆ తర్వాతి తరాలేవీ అంతటి దూకుడు చూపించలేదు.

మీ పని ఎడిటింగ్ కనుక దాని లెక్క విడిగా చూద్దాం, ఎందుకంటే ఎడిటర్లే ఈ విషయంలో ఎక్కువగా అపోహపడతారు. పెళ్లిళ్లలో వాడే మిర్రర్‌లెస్ కెమెరాల 4కే ఫుటేజి సాధారణంగా సెకనుకు 100 నుంచి 200 మెగాబిట్లు ఉంటుంది. బిట్లను బైట్లలోకి మార్చాలంటే ఎనిమిదితో భాగించాలి కాబట్టి, అది సెకనుకు 12 నుంచి 25 ఎంబీ. మండపం ముందు ఒక కెమెరా, పక్కన ఒకటి, పైన డ్రోన్, జిమ్మీ జిబ్ మీద ఇంకొకటి, ఇలా నాలుగు కెమెరాల ఫుటేజిని టైమ్‌లైన్‌లో ఒకేసారి నడిపినా సెకనుకు 100 ఎంబీ దాటదు. ఒకవేళ మీరు 600 మెగాబిట్ల ఆల్-ఇంట్రాలో (ప్రతి ఫ్రేమునూ విడిగా భద్రపరిచే పద్ధతిలో) షూట్ చేసినా ఒక్కో కెమెరాకు 75 ఎంబీ. మీ దగ్గరున్న పాత సాటా ఎస్‌ఎస్‌డీయే ఈ భారాన్ని మోయగలదు. హార్డ్ డిస్క్ మాత్రం నాలుగు ఫైళ్ల మధ్య తలను అటూ ఇటూ తిప్పలేక చతికిలబడుతుంది.

మరి టైమ్‌లైన్ ఎందుకు ఆగి ఆగి నడుస్తోంది? చాలా సందర్భాల్లో కారణం డీకోడింగ్, అంటే కుదించిన వీడియోను విప్పడం. కొత్త కెమెరాలు 10 బిట్ 4:2:2 రంగుతో హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో రికార్డు చేస్తాయి. ఆ రకం ఫైలును విప్పడానికి హార్డ్‌వేర్ సాయం లేకపోతే భారమంతా ప్రాసెసరు మీద పడుతుంది. మీ 5600లో గ్రాఫిక్స్ చిప్ లేదు. ఇంటెల్ ప్రాసెసర్లలోని క్విక్ సింక్ అనే వీడియో భాగం ఈ రకాన్ని 11వ తరం నుంచి విప్పగలుగుతోంది. ఎన్విడియాలో ఆ సౌకర్యం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతో గాని రాలేదు. మీ గ్రాఫిక్స్ కార్డు అంతకంటే పాతదైతే, జెన్ 5 కాదు కదా, ఆ పై తరం ఎస్‌ఎస్‌డీ పెట్టినా ప్లేబ్యాక్ అలాగే తడబడుతుంది. ప్రాక్సీలు (అసలు ఫుటేజికి తేలికపాటి నకళ్లు) తయారు చేసుకుని వాటి మీద ఎడిట్ చేయడం దీనికి పైసా ఖర్చు లేని మందు. టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని టైమ్‌లైన్ నడపండి. డిస్క్ గీత కింద పడుకుని, ప్రాసెసరు గీత నూరు శాతం దగ్గర ఆడుతుంటే జబ్బు ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

కెమెరా మెమరీ కార్డుల నుంచి ఫుటేజి దించుకోవడం త్వరగా అవుతుందని ఆశపడే వారికి కూడా ఒక మాట. యూహెచ్‌ఎస్-1 ఎస్‌డీ కార్డు గరిష్ఠ వేగమే సెకనుకు 104 ఎంబీ. 128 జీబీ కార్డు ఖాళీ కావడానికి పాతిక నిమిషాల దాకా పడుతుంది, అవతల ఏ తరం ఎస్‌ఎస్‌డీ ఉన్నా సరే. ముహూర్తాల సీజన్లో రోజూ కార్డులు దించేవాళ్లు ఎస్‌ఎస్‌డీ తరం మార్చడం కంటే యూహెచ్‌ఎస్-2 కార్డులు, దానికి తగిన రీడరు కొనుక్కుంటే ఎక్కువ సమయం కలిసివస్తుంది.

జెన్ 5 ఎవరికీ అక్కరలేదని నా మాట కాదు. ఒక జెన్ 5 డిస్క్ నుంచి ఇంకో జెన్ 5 డిస్క్‌కు వందల జీబీలు నిత్యం తరలించేవాళ్లకు, 8కే రా ఫుటేజి మీద పనిచేసేవాళ్లకు, 40 జీబీల ఏఐ మోడళ్లను సొంత కంప్యూటరులో మార్చి మార్చి లోడ్ చేసేవాళ్లకు అది పనికొస్తుంది. ఆ 40 జీబీల మోడలు జెన్ 4 మీద ఆరు సెకన్లలో చదవగలిగితే, జెన్ 5 మీద మూడు సెకన్లు. రోజుకు వంద సార్లు ఆ పని చేసేవాళ్లకు అది లాభమే. ఆటలు ఆడేవాళ్లకైతే ఇప్పటికి పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఎస్‌ఎస్‌డీ నుంచి డేటాను త్వరగా అందించే డైరెక్ట్‌స్టోరేజ్ పద్ధతితో పీసీలో తొలి ఆట 2023 జనవరిలో వచ్చింది. ఆ తర్వాత దాన్ని వాడుకున్న ఆటలు కొద్దిగానే వచ్చాయి.

జెన్ 6 గురించి త్వరగా చెప్పేస్తాను. పీసీఐఈ 6.0 ప్రమాణం 2022 జనవరిలోనే ఖరారైంది. మైక్రాన్ 2025లో సెకనుకు 28 జీబీ చదివే 9650 అనే జెన్ 6 ఎస్‌ఎస్‌డీని ప్రకటించింది, అయితే అది సర్వర్ల కోసం. మనం ఇంట్లో వాడే డెస్క్‌టాప్ బోర్డుల్లో జెన్ 6 స్లాటు లేదు. ప్రమాణం ఖరారవడానికీ, సరుకు మన బజారులోకి రావడానికీ మధ్య దూరం ఎంతుంటుందో పాత తరాలను చూస్తే తెలుస్తుంది: పీసీఐఈ 5.0 ప్రమాణం 2019 మేలో వచ్చింది, దాన్ని ఇచ్చే మొదటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 2021 నవంబరులో వచ్చాయి, సామాన్యులు కొనగలిగే మొదటి జెన్ 5 ఎస్‌ఎస్‌డీలు 2023లో గాని రాలేదు. వాటిలో కూడా మొదటి విడతవి సెకనుకు 10,000 ఎంబీ దగ్గరే ఆగాయి, పైగా విపరీతంగా వేడెక్కేవి. కొన్నింటికి చిన్న ఫ్యాను కూడా తగిలించి అమ్మారు. 6 నానోమీటర్ల కంట్రోలర్లు (ఎస్‌ఎస్‌డీని నడిపే చిప్పులు) వచ్చాకే అవి కొంత చల్లబడ్డాయి. ఇక పీసీఐఈ 7.0 ప్రమాణం 2025 జూన్‌లో విడుదలైంది. జెన్ 6 మన దాకా వచ్చే రోజుకు జనం జెన్ 7 కోసం ఆగాలా అని అడుగుతుంటారు.

ఆగినవాళ్లకు ఏమైందో చెప్పడానికి ఆప్టేన్ కథ సరిగ్గా సరిపోతుంది. 2015 జూలైలో ఇంటెల్, మైక్రాన్ కలిసి 3డీ క్రాస్‌పాయింట్ అనే కొత్త మెమరీని ప్రకటించాయి, ఎస్‌ఎస్‌డీల్లో వాడే నాండ్ ఫ్లాష్ మెమరీ కంటే వెయ్యి రెట్లు వేగమన్నాయి. అప్పట్లో సర్వర్లు చూసే నా స్నేహితులు కొందరు ఎస్‌ఎస్‌డీల కొనుగోలు వాయిదా వేసి మరీ దానికోసం చూశారు. డెస్క్‌టాప్‌లకు తగిన ఆప్టేన్ 900పీ 2017 అక్టోబరులో వచ్చింది. నేను పైన చెప్పిన ముక్కముక్కల వేగంలో దానికి నిజంగానే సాటి లేదు. ఈనాటి జెన్ 5 కార్డులు కూడా ఆ ఒక్క విషయంలో దాన్ని అందుకోలేదు. కాని ధర దిగలేదు, కెపాసిటీ పెరగలేదు, కొనేవాళ్లు తగినంత మంది రాలేదు. మైక్రాన్ 2021 మార్చిలో తప్పుకుని, యూటాలోని ఆ ఫ్యాక్టరీని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు అమ్మేసింది. 2022 జూలైలో ఇంటెల్ ఆ వ్యాపారాన్నే మూసేస్తున్నట్లు చెప్పింది. మంచి సాంకేతికత కూడా మన బడ్జెట్‌లోకి రాకుండానే ముగిసిపోవచ్చు.

హార్డ్ డిస్క్‌ల్లో హామర్ కథ ఇంకో రకం. లేజరుతో పళ్లేన్ని క్షణకాలం వేడిచేసి రాసే ఆ పద్ధతిలో చదరపు అంగుళానికి ఒక టెరాబిట్ ఇమిడ్చి చూపించామని సీగేట్ 2012లో చెప్పింది. ఆ పద్ధతితో 30 టీబీ డిస్క్‌ల వరుసను ప్రకటించింది 2024 జనవరిలో. అది వచ్చింది, నిలబడింది; కాని మధ్యలో గడిచిన పన్నెండేళ్లూ జనానికి డిస్క్‌లు కావలసే వచ్చాయి.

ఇక ధర. కంప్యూటరు సామాను ధర కాలం గడిచేకొద్దీ తగ్గుతుందనే నమ్మకం మనందరిలో పాతుకుపోయింది. దీర్ఘకాలంలో అది నిజమే. కాని మీరు ఆగేది పదేళ్లు కాదు, ఆరు నెలలో ఏడాదో. ఆ పాటి వ్యవధిలో ధర ఎటైనా పోవచ్చు. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగినప్పుడు సికింద్రాబాదులోని మన కంప్యూటర్ల బజారు సీటీసీలో కూడా డిస్క్‌ల రేట్లు వారాల్లోనే చుక్కలనంటాయి, ఉన్న సరుకును దాచుకుని అమ్మినవాళ్లూ ఉన్నారు. 2021లో చియా అనే క్రిప్టో నాణెం కోసం జనం పెద్ద డిస్క్‌లను ఎగబడి కొన్నారు. 2023లో దానికి పూర్తిగా తలకిందులైంది. నాండ్ చిప్పులు గుట్టలుగా మిగిలిపోయి ధరలు పడిపోయాయి, దాంతో తయారీదారులు ఉత్పత్తి తగ్గించుకున్నారు. ప్రపంచానికంతటికీ ఈ చిప్పులు తయారు చేసేది శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, కియోక్సియా-శాన్‌డిస్క్ జోడీ, మైక్రాన్, చైనాకు చెందిన వైఎంటీసీ వంటి కొద్ది కంపెనీలే కాబట్టి, వాళ్లు కుళాయి కాస్త బిగిస్తే చాలు, ఇక్కడ మన బిల్లు మారుతుంది.

2025 చివరి నుంచి జరుగుతున్నదేమిటంటే, ఏఐ డేటా సెంటర్లు మెమరీనీ, ఫ్లాష్‌నీ, పెద్ద హార్డ్ డిస్క్‌లనూ ముందుగానే ఒప్పందాలతో ఎత్తుకుపోతున్నాయి. మైక్రాన్ 2025 డిసెంబరులో తన క్రూషియల్ బ్రాండుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. మనలాంటివాళ్లు ఎన్నో ఏళ్లు కళ్లు మూసుకుని కొన్న బ్రాండు అది. ఈ పరిస్థితిలో జెన్ 5 చవకయ్యేదాకా అని మీరు పెట్టుకున్న గడువు ఎప్పటికి తీరుతుందో లెక్క కట్టలేం. అలాగని రేపు ఇంకా పెరుగుతుందేమోనని భయపడి 4 టీబీ కొనవద్దు. రెండేళ్ల అవసరానికి సరిపడా కెపాసిటీ కొనండి, భయానికి సరిపడా కాదు. మీ పనికి 2 టీబీ సరైన కొలత: నాలుగైదు పెళ్లిళ్ల ప్రాజెక్టులు ఒకేసారి నడిచినా పావు వంతు ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీ ఎస్‌ఎస్‌డీకి అవసరం కూడా.

ఆగమని నేను చెప్పే సందర్భాలూ ఉన్నాయి. గత ఏడాది ఒక ఆర్కిటెక్టు వచ్చారు. ఆయనది జెన్ 3కి మించి ఇవ్వని బీ450 బోర్డు, ఉన్న ఎస్‌ఎస్‌డీలో సగం ఖాళీగా ఉంది, ఆరోగ్యం 90 శాతం పైన చూపిస్తోంది, మూడు నాలుగు నెలల్లో సిస్టం మొత్తం మార్చే ఆలోచన ముందే ఉంది. అప్పుడు ఎస్‌ఎస్‌డీ కొనడం వల్ల ఒరిగేదేమీ లేదని తిప్పి పంపాను. సిస్టం మార్చినప్పుడే ఆ బోర్డుకు తగినది తీసుకున్నారు. కొత్త మోడలు మార్కెట్లోకి వచ్చిన మొదటి రెండు నెలలు ఆగడం కూడా మంచిదే, ఎందుకంటే ఫర్మ్‌వేర్ లోపాలు ఆ వ్యవధిలోనే బయటపడి సర్దుకుంటాయి. దసరా, దీపావళి సేల్స్ పది పదిహేను రోజుల దూరంలో ఉంటే ఆగినా తప్పులేదు. ఇవన్నీ ముగింపు తేదీ ఉన్న ఎదురుచూపులు. డిస్క్ నిండిపోయినవాళ్లు, లేదా డిస్క్ చావుకు దగ్గరైనవాళ్లు ఈ కోవలోకి రారు.

దీనికి వ్యతిరేక దృశ్యం ఒక కాలేజీ ల్యాబ్‌లో చూశాను. హార్డ్ డిస్క్‌లతో నడిచే పాత ఐ3 కంప్యూటర్లు, ఆన్ చేస్తే పిల్లలు హాజరు చెప్పి ముగించేదాకా డెస్క్‌టాప్ కనిపించేది కాదు. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలు వేస్తే చాలని కొటేషన్ ఇచ్చాను. కొంటే ఎన్‌వీఎంఈవే కొందాం, బోర్డులతో సహా మారుద్దాం అని కమిటీ ఏడాదికి పైగా ఫైలు తిప్పింది. చివరికి మంజూరైన డబ్బుకు వచ్చినవి ఆ సాటా ఎస్‌ఎస్‌డీలే. ఆ ఏడాది బ్యాచ్ పిల్లలు మాత్రం తిరిగే ఇసుకగడియారాన్ని చూస్తూ పరీక్షలు రాసి వెళ్లిపోయారు.

కొనేటప్పుడు చూడవలసినవి కూడా చెబుతాను, ఎందుకంటే తరం కంటే ఇవే ఎక్కువ తేడా తెస్తాయి.

టీఎల్‌సీనా, క్యూఎల్‌సీనా అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఒక్కో సెల్‌లో మూడు బిట్లు పెడితే టీఎల్‌సీ, నాలుగు పెడితే క్యూఎల్‌సీ. రెండో రకం చవక, కాని రాసే వేగం బాగా తక్కువ. దాన్ని కప్పిపుచ్చడానికి ఖాళీ స్థలంలో కొంత భాగాన్ని వేగవంతమైన క్యాష్‌గా (తాత్కాలిక నిల్వగా) వాడతారు. చవక క్యూఎల్‌సీ కార్డు మీదికి 400 జీబీల ప్రాజెక్టు కాపీ పెట్టి విండోస్ చూపించే పచ్చ గ్రాఫు గమనించండి: మొదట సెకనుకు 2 జీబీ మీద గోడలా నిలబడుతుంది, కార్డు సగం పైగా నిండి ఉంటే కొద్ది నిమిషాల్లోనే ఆ గోడ కూలి 100 ఎంబీ దగ్గర నేలబారుగా పాకడం మొదలుపెడుతుంది. అంటే హార్డ్ డిస్క్ కంటే నెమ్మది. జెన్ 5 బోర్డులో పెట్టినా ఆ కార్డు అక్కడే పాకుతుంది. మంచి టీఎల్‌సీ జెన్ 4 కార్డు క్యాష్ నిండాక కూడా వెయ్యి ఎంబీకి పైన నిలబడుతుంది.

కంట్రోలరుకు సొంత డీ-ర్యామ్ (చిన్న మెమరీ చిప్పు) ఉంటే మంచిదే గాని, లేకపోయినా ఈ రోజుల్లో ప్రమాదం కాదు. సిస్టం ర్యామ్‌లో కొంత అరువు తీసుకునే పద్ధతి ఇప్పటి కార్డుల్లో బాగానే పనిచేస్తోంది. రోజంతా ఎడిటింగ్ చేసే మీకు మాత్రం, ధర తేడా కొద్దిదే అయితే, డీ-ర్యామ్ ఉన్నదాన్నే తీసుకోమంటాను. మన్నిక విషయంలో పేరున్న 2 టీబీ టీఎల్‌సీ కార్డులకు 1,200 టీబీ రాతల దాకా, ఐదేళ్ల వారంటీ ఇస్తారు. మీరు రోజూ 200 జీబీ రాసినా ఆ గీత చేరడానికి పదహారేళ్లు పడుతుంది కాబట్టి దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. అదే పేరుతో అమ్ముతూ లోపల చిప్పులు మార్చేసిన ఉదంతాలు ఈ రంగంలో లేకపోలేదు. అందుకే వచ్చిన వారంలోనే ఒకసారి డిస్క్‌ను పూర్తిగా నింపి చూడండి, తేడా ఉంటే తిరిగి ఇచ్చే గడువులోనే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు 16 టీబీ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ అని కనిపిస్తే అది నూటికి నూరుపాళ్లూ మోసం. లోపల చిన్న మెమరీ కార్డు ఉంటుంది, మీ ఫైళ్లు దాని మీద ఒకదాని మీద ఒకటి పడి చెడిపోతాయి.

బిగించేటప్పుడు రెండు చిన్న విషయాలు. బోర్డుతో వచ్చిన హీట్‌సింక్ అడుగున ఉండే థర్మల్ ప్యాడ్‌కు పలచటి ప్లాస్టిక్ పొర అంటి ఉంటుంది, దాన్ని ఒలిచాకే బిగించాలి. ఒలవకుండా బిగించిన కార్డులు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి, వేసవిలో 80 డిగ్రీలు దాటి వేగం తగ్గించుకుంటూ. రెండోది, ఎం.2 స్క్రూ బోర్డు డబ్బాలో చిన్న కవరులో విడిగా ఉంటుంది. అది పారేసి ఉంటే ముందే ఒకటి తెచ్చి పెట్టుకోండి, టేపుతో అంటించే పని పెట్టుకోవద్దు.

ఇప్పుడు మీరు అడగని విషయం. మీ హార్డ్ డిస్క్ పాతదని రాశారు, పూర్తయిన పెళ్లి వీడియోలన్నీ దాని మీదే ఉన్నాయనీ రాశారు. నిజానికి నన్ను కలవరపెట్టింది ఎస్‌ఎస్‌డీ ప్రశ్న కంటే ఆ వాక్యమే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు గాని, పెండింగ్ సెక్టార్లు గాని (డిస్క్ మీద పాడైన, పాడవుతున్న చోట్లు) సున్నా కాకపోతే, ఎస్‌ఎస్‌డీ సంగతి పక్కనపెట్టి ముందు ఆ డేటాను కాపీ చేసుకోండి. భద్రపరచడానికి ఎస్‌ఎస్‌డీలు వద్దు. మెమరీ చిప్పులకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రకారం, రాతల పరిమితి పూర్తయిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది డేటా నిలుపుకుంటే చాలు. కొత్త ఎస్‌ఎస్‌డీ అంతకంటే ఎక్కువ కాలమే నిలుపుతుంది, కాని మన మే నెలలో బీరువాలో పెట్టిన వస్తువు 30 డిగ్రీల దగ్గర ఉండదు కదా. పూర్తయిన ప్రాజెక్టులకు సీఎంఆర్ రకం (ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడకుండా రాసేవి) హార్డ్ డిస్క్‌లు రెండు తీసుకుని, రెండింటి మీదా ఒకే కాపీ ఉంచి, ఒకటి స్టూడియోలో, రెండోది ఇంట్లో పెట్టండి. జెన్ 5కు అదనంగా పెట్టాలనుకున్న డబ్బుతో అందులో ఒకటి వచ్చేస్తుంది.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక స్టూడియో యజమానికి ఇదే లెక్క చెప్పాను. ఆయన జెన్ 5 కావాలని పట్టుబట్టి వచ్చారు. టాస్క్ మేనేజర్ చూపించాక, జెన్ 4 కార్డు ఒకటి, ర్యామ్ 16 నుంచి 32 జీబీకి, భద్రపరచడానికి రెండు హార్డ్ డిస్క్‌లు, అంతా కలిపి ఆయన అనుకున్న బడ్జెట్‌లోనే తేల్చాం. ప్రాక్సీలతో ఎడిటింగ్ మొదలుపెట్టాక ఇప్పటిదాకా వేగం గురించి ఆయన నుంచి ఫిర్యాదు రాలేదు.

మీ సిస్టంలో అమరిక ఇలా పెట్టుకోండి. కొత్త 2 టీబీ కార్డును పై స్లాటులో పెట్టి, విండోస్‌నూ, నడుస్తున్న ప్రాజెక్టులనూ దాని మీదికి మార్చండి. పాత 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీని పారేయకుండా క్యాష్ ఫైళ్లకూ, ప్రాక్సీలకూ కేటాయించండి. హార్డ్ డిస్క్ మీద ఎడిటింగ్ ఆపేయండి. 2 టీబీ అని కొన్నది విండోస్‌లో 1.81 టీబీగా కనిపిస్తుంది. అది మోసం కాదు, కంపెనీలు వెయ్యితో, విండోస్ 1024తో లెక్కించడం వల్ల వచ్చే తేడా.

ప్రాసెసరు 5600నా, 5600జీనా అన్నదీ, గ్రాఫిక్స్ కార్డు ఏదన్నదీ, కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తోందన్నదీ రాస్తే, ఏ కార్డు తీసుకోవాలో, ర్యామ్ కూడా పెంచాలో లేదో కచ్చితంగా చెప్పగలను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఫలితాన్ని మాత్రం ఈ రాత్రికే చూడండి.